రాచపుండు: చర్మం చెప్పిన చరిత్ర

ఈ టపా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ప్రతిసారీ రెండు వాక్యాలు రాయడం, చెరిపివేయడం. చరిత్ర వ్యాసం గనుక ఏ ఈజిప్టులోనో మొదలుపెట్టడం మర్యాద. కానీ నాకు ఈ చరిత్ర మీద ఆసక్తి కలిగించింది ఈజిప్టు కాదు, మా చిన్నమామ్మ. అందుచేత ఆవిడ దగ్గరే మొదలుపెడుతున్నాను. మిత్రులు మన్నించాలి.

చిన్నమామ్మ మా మామ్మకు స్వయానా చెల్లెలు. వాళ్ళ ఊరు భీమవరానికి బస్సులో గంట ప్రయాణం. 1978 వేసవి సెలవులకు మేము వెళ్ళేసరికి ఆవిడ మంచం లోపలి గదిలోంచి వీధి వసారాలోకి మారి ఉంది. "లోపల ఉక్కగా ఉంటోందిరా నాన్నా" అంది. అంత ఉక్కలోనూ కొంగు రెండు భుజాల మీదుగా తీసి నిండుగా కప్పుకొనే ఉండేది. దగ్గరకు వెళితే గంధం వాసన వచ్చేది. ఆ గంధం అడుగున ఇంకొక వాసన ఉండేది. ఛాతీ మీద పొక్కులు లేచాయని, అది సర్పి అని ఇంట్లో అనుకున్నారు. సర్పికి మంత్రం వేసే ఆయన వచ్చి జేగురు పూసి వెళ్ళాడు. ఆ ఏడు కార్తీకమాసం వెళ్ళకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. కడపటి స్నానం చేయించిన ఆడవాళ్ళు బయటకు వచ్చి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకొన్న మాట నా చెవిన పడింది: "రాచపుండటమ్మా, పాపం, ఎన్నాళ్ళ నుంచి దాచుకొందో."

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ చర్మానికి పాకడం అంటారు దానిని. స్త్రీలలో చర్మం మీదికి వచ్చే క్యాన్సర్ విస్తరణలలో ఎక్కువ భాగం రొమ్ము నుంచి వచ్చినవే అని చాలా ఏళ్ళ తరువాత చదివాను. చదువుతూ పోగా నాకొక సంగతి స్పష్టపడింది. ఈ వ్యాధి చరిత్రలో ఎక్కువ భాగం చర్మం మీదనే నడిచింది. లోపలికి చూసే సాధనాలు లేని కాలంలో వైద్యుడు చదవగలిగిన పుట అదొక్కటే. ఆ పుటను మొదట చూడవలసినవారే కప్పి ఉంచిన చరిత్ర కూడా దానితోపాటే నడిచింది.

*

క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో రాసిన ఈజిప్టు వైద్యగ్రంథం ఒకటి ఉంది. 1862లో లక్సర్ నగరంలో కొన్నవాడి పేరు మీద దానిని ఎడ్విన్ స్మిత్ పపైరస్ అంటారు. 1930లో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ దానిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో 48 మంది రోగుల వివరాలు ఉన్నాయి. 45వ వివరం రొమ్ము మీద ఉబికివచ్చిన గడ్డలది. చేయి వేసి చూస్తే వేడి లేదు, నీరు పట్టలేదు, పచ్చికాయను తాకినట్టు గట్టిగా చల్లగా ఉంది అని వైద్యుడు వర్ణించాడు. మిగిలిన గాయాలకు మాంసం కట్టమనో, తేనె పూయమనో చెప్పిన ఆ వైద్యుడు, ఇక్కడికి వచ్చేసరికి చికిత్స లేదని రాసి ఊరుకొన్నాడు. నాలుగు వేల సంవత్సరాల కిందటిదని చెప్పదగిన జ్ఞానం అది. అతడు చేత్తో తాకి చూశాడు, తెలిసినది రాశాడు, తెలియని మందు ఉందని చెప్పలేదు. ఈ మూడూ చేయని వైద్యులు ఆ తరువాత చాలామంది వచ్చారు.

రెండవ సాక్ష్యం హెరొడోటస్ చరిత్ర మూడవ సంపుటంలోనిది. పారశీక చక్రవర్తి డేరియస్ భార్య, సైరస్ కుమార్తె అతోస్సాకు రొమ్ము మీద గడ్డ లేచింది. అది చిట్లి, చుట్టూ పాకడం మొదలుపెట్టింది. గడ్డ చిన్నదిగా ఉన్నంతకాలం ఆమె సిగ్గుచేత ఎవరికీ చెప్పలేదని హెరొడోటస్ ప్రత్యేకించి రాశాడు. మూడు ఖండాలను తాకిన సామ్రాజ్యానికి రాణి ఆమె. చివరకు డెమోసిడిస్ అనే గ్రీకు బానిస వైద్యుని పిలిపించింది. అతడు నయం చేశాడని, అందుకు ప్రతిఫలంగా గ్రీసు మీదికి దండెత్తమని ఆమె భర్తకు చెప్పేలా మాట తీసుకొన్నాడని కథ. నయమైంది గనుక అది క్యాన్సర్ కాకపోవచ్చు, చీముగడ్డ అయి ఉండవచ్చు అనే పండితులున్నారు. నాకు మాత్రం ఆ కథలో రోగం పేరు కంటే ఆ సిగ్గే ముఖ్యమనిపిస్తుంది. సూసా నగరపు అంతఃపురానికీ, మా చిన్నమామ్మ వసారాకూ మధ్య ఇరవైఐదు శతాబ్దాలున్నాయి. కొంగు కప్పుకొనే తీరు మాత్రం ఒకటే.

గ్రీకులు ఈ వ్యాధికి ఎండ్రకాయ పేరు పెట్టారు. రొమ్ము మీద గడ్డ చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు ఎండ్రకాయ కాళ్ళలా అన్ని వైపులకూ చాచుకొని ఉంటాయని రెండవ శతాబ్దపు వైద్యుడు గేలెన్ వివరించాడు. అంటే పేరు కూడా చర్మం మీద కనబడిన ఆకారం నుంచి పుట్టిందే. గ్రీకు 'కార్కినోస్', మన 'కర్కటం' ఒకే మూలానికి చెందిన జ్ఞాతులని భాషావేత్తలు చెబుతారు. మనవాళ్ళు 'రాచపుండు' అన్నారు. 'రాచ' అంటే రాజుకు చెందినది మాత్రమే కాదు, పెద్దది, ఎవరికీ లొంగనిది అని కూడా. మన పేరు కూడా పైకి కనబడే పుండుకు పెట్టిన పేరే.

*

గేలెన్ దీనికంతటికీ ఒంట్లో పేరుకొన్న నల్లపిత్తం కారణమన్నాడు. ఆ మాట పదిహేను వందల సంవత్సరాలు చెల్లింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు లె డ్రాన్, ఇది మొదట ఒకచోట పుట్టి, తరువాత శోషరస గ్రంథుల గుండా పాకుతుందని వాదించాడు. అప్పటినుంచి వైద్యులు "ఏ దారిన పాకుతుంది?" అని అడగడం నేర్చుకొన్నారు.

ఆ దారిని చర్మం మీద గుర్తుపట్టి పేరు పెట్టినవాడు ఆల్ఫ్రెడ్ వెల్పో. 1795లో ఫ్రాన్సులోని బ్రెష్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. కొడుకు పారిస్‌లో శస్త్రవైద్య ఆచార్యుడై, 1867లో మరణించేవరకు ఆ పదవిలో ఉన్నాడు. 1838లో అతడు కొందరు రోగులలో ఒక వింత స్థితిని వర్ణించాడు. రొమ్ము మీద, ఛాతీ మీద చర్మం దళసరై, గట్టిపడి, ఎముకలకు అతుక్కుపోయి, ఒకే పలకలాగా బిగుసుకొంటుంది. అప్పటి ఆశ్వికసైనికులు ఛాతీకి ధరించే ఇనుప కవచాన్ని ఫ్రెంచిలో 'క్యురాస్' అంటారు. వెల్పో దీనికి 'కవచపు క్యాన్సర్' అని పేరు పెట్టాడు. ఇనుముతో పనిచేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ పోలిక తట్టడంలో ఆశ్చర్యం లేదు. వైద్యగ్రంథాలలో ఈనాటికీ అదే పేరు వాడుకలో ఉంది. కవచం మనిషిని కాపాడాలి. ఇది లోపలి మనిషికి ఊపిరి ఆడకుండా బిగుసుకొనే కవచం.

ఎందుకిలా జరుగుతుందో ఇప్పుడు తెలుసు. చర్మం అడుగున శోషరసాన్ని మోసే సన్నని నాళాల అల్లిక ఉంటుంది. క్యాన్సర్ కణాలు ఆ నాళాలలోకి చేరి, మన కాలవలకు గుర్రపుడెక్క అడ్డుపడినట్టు అడ్డుపడతాయి. నీరు పోయే దారిలేక చర్మం ఉబ్బుతుంది. రోమకూపాల దగ్గర మాత్రం చర్మం లోపలికి పట్టి ఉంటుంది గనుక అక్కడ ఉబ్బదు. దానితో నారింజ తొక్క మీద ఉన్నట్టు గుంటలు గుంటలుగా కనబడుతుంది. వైద్యులు కూడా దానిని నారింజ తొక్క అనే పిలుస్తారు. కొందరికి చిన్న చిన్న గట్టి బొడిపెలు లేస్తాయి. సాధారణంగా నొప్పి ఉండదు, అందుకే అశ్రద్ధ చేస్తారు. కొందరికి చర్మం ఎర్రబడి, వేడెక్కి, చీము పట్టినట్టు కనబడుతుంది. అరుదుగా ఒక పట్టీలాగా పొక్కులు లేచి అచ్చంగా సర్పిలాగే ఉంటుంది. ఈ చివరి సంగతి చదివిన రోజున పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. జేగురు పూసిన ఆ మంత్రగాడిని మేము పెద్దయ్యాక చాలా తిట్టుకొన్నాం. అదే పొరపాటు చదువుకొన్న వైద్యులకు కూడా జరగడానికి వీలున్నదే.

*

ఆ తరువాతి అధ్యాయం లండన్‌లో ఒక తండ్రీకొడుకులది. తండ్రి సర్ జేమ్స్ పేజెట్. 1874లో ఆయన దాదాపు పదిహేనుమంది స్త్రీల గురించి రాశాడు. వారందరికీ చనుమొన మీద గజ్జిలాగా పొట్టులేచే పుండు వచ్చింది, ఏ పూతకూ మానలేదు. రెండేళ్ళు తిరగకుండా వారి రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. చర్మం మీది మార్పు చివరి పుట మాత్రమే అనుకొంటున్నవారికి, అది మొదటి పుట కూడా కావచ్చునని ఆయన చూపించాడు. ఆ స్థితిని ఈనాటికీ పేజెట్ వ్యాధి అంటారు. ఒకవైపు చనుమొన మీద మాత్రమే వచ్చి, వారాల తరబడి మానని గజ్జిని గజ్జి అని వదిలేయకూడదన్న సూత్రం అప్పటిది.

కొడుకు స్టీఫెన్ పేజెట్. 1889లో ఆయన రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది రికార్డులు ముందు పెట్టుకొని ఒక ప్రశ్న వేశాడు. వ్యాధి కొన్ని అవయవాలకే ఎందుకు ఎక్కువగా చేరుతుంది? రక్తం అన్నిచోట్లకూ పోతుంది కదా? ఆయన సమాధానం మన రైతులకు వివరించనక్కరలేనిది. విత్తనాలు గాలికి అన్ని దిక్కులకూ ఎగిరిపోతాయి, తమకు నప్పిన నేలమీద పడినవే మొలుస్తాయి. అప్పటివరకు అందరూ విత్తనాన్నే చూస్తున్నారు, నేలను కూడా చూడమన్నాడాయన. ఆ మాటను పరిశోధకులు దాదాపు వంద సంవత్సరాల తరువాత గాని పూర్తిగా తలకెక్కించుకోలేదు.

ఈలోగా శస్త్రవైద్యుల కాలం నడిచింది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్, కోసిన చోటనే చర్మం మీద వ్యాధి మళ్ళీ మొలవడం చూసి, ఇంకా విస్తారంగా కోయాలని నిశ్చయించుకొన్నాడు. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంక గ్రంథులు, వెడల్పుగా చర్మం తీసివేసే పద్ధతిని 1894లో 50 మంది రోగుల వివరాలతో ప్రకటించాడు. ఛాతీ మీద వ్యాధి తిరిగిరావడం బాగా తగ్గింది. కానీ అప్పటికే దూరానికి ఎగిరిపోయిన విత్తనాలను ఏ కత్తీ అందుకోలేదు. 1943లో న్యూయార్కుకు చెందిన హాగెన్సెన్, స్టౌట్ అనే ఇద్దరు వైద్యులు, ఎవరికి ఈ శస్త్రచికిత్స చేయకూడదో ఒక పట్టిక వేశారు. విస్తారంగా ఉబ్బిన చర్మం, చర్మం మీద విడివిడిగా లేచిన బొడిపెలు, ఎర్రబడి మంట కనబడే రొమ్ము ఆ పట్టికలో ఉన్నాయి. వ్యాధి రొమ్మును దాటిందని చర్మం చెబుతున్నప్పుడు కత్తి వల్ల బాధ తప్ప ఒరిగేదేమీ లేదని వారి అనుభవం. ఈజిప్టు వైద్యుని నిజాయితీ మళ్ళీ కనబడింది నాకు అక్కడ.

*

ఇక నేను అసలు చెప్పాలనుకొన్న సంగతి. కవచంలా బిగిసిన ఈ చర్మం మీదనే, ఈ వ్యాధి వెనక్కి తగ్గగలదన్న మొదటి రుజువు కూడా కనబడింది.

గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే వైద్యుడు ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడు పశ్చిమ స్కాట్లండులో ఉంటూ, పాలు పడడం గురించి పరిశోధన వ్యాసం రాశాడు. ఈనిన తరువాత ఆవుకు అండాశయాలు తీసివేస్తే అది ఎడతెగకుండా పాలిస్తుందని కొన్ని దేశాల రైతులకు తెలుసునన్న మాట అప్పుడే ఆయన చెవిన పడింది. రొమ్ముకూ అండాశయానికీ ఏదో బంధం ఉన్నదన్న మాట! ఏ నరమూ వాటిని కలపదు. మరి ఆ ఆజ్ఞ ఎలా చేరుతోంది? హార్మోను అన్న పదమే అప్పటికి పుట్టలేదు. ఈస్ట్రోజెన్ పరీక్షకు దొరకడానికి 1923 దాకా ఆగాలి.

1895 మే నెలలో బీట్సన్ దగ్గరకు 33 ఏళ్ళ స్త్రీ వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. రొమ్ము తీసివేశాక అదే చోట ఛాతీ మీద వ్యాధి మళ్ళీ మొలిచింది. కోయడానికి వీలులేని స్థితి. జూన్ 15వ తేదీన ఆయన ఆమె రొమ్మును ముట్టుకోకుండా, కడుపు కోసి అండాశయాలు తీసివేశాడు. వారాలు గడిచేకొద్దీ ఛాతీ మీది గడ్డలు మెత్తబడ్డాయి, పలచబడ్డాయి. ఎనిమిది నెలలకు వ్యాధి జాడ కంటికి కనబడలేదు. ఆమె దాదాపు నాలుగేళ్ళు బతికింది. తరువాత వ్యాధి తిరిగివచ్చి తీసుకుపోయింది. 1896లో బీట్సన్ ఆమె కథను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

ఎక్స్-రే యంత్రం కూడా లేని ఆ రోజుల్లో, ఆ వ్యాధి కాలేయంలోనో ఎముకలోనో మొలిచి ఉంటే అది తగ్గిందని ఎవరు చూసేవారు? చర్మం మీద ఉన్నది గనుక వారం వారం కొలవగలిగారు. చేయి వేసి చూసి, నిన్నటికంటే మెత్తబడిందని చెప్పగలిగారు. అండాశయాలు తీసివేస్తే మూడవవంతు స్త్రీలకే గుణం కనబడుతుందని కొద్ది ఏళ్ళలోనే తేలింది. ఎందుకు అందరికీ కాదన్న ప్రశ్న నుంచే ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజెన్ గ్రాహకాలను కనుగొన్నాడు. 1971లో మాంచెస్టర్‌లో మేరీ కోల్ బృందం టమాక్సిఫెన్ మాత్రతో తొలి ఫలితాలు ప్రకటించింది. కడుపు కోయవలసిన పని ఒక మాత్రకు దిగింది.

*

1895 అన్నాను కదా. అదే సంవత్సరం జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. ఆయన గురించి మన బ్లాగ్మిత్రులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయన నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే మందులు తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశాడు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ గడ్డకట్టిన క్యాన్సర్ల మీద, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ మీద పనిచేస్తుందని 1951లో న్యూయార్కులో జేన్ రైట్ బృందం చూపించింది. 1976లో ఇటలీలో బొనాడొనా మెథోట్రెక్సేట్‌తోపాటు మరి రెండు మందులు కలిపిన చికిత్స ఫలితాలు ప్రకటించాడు. ప్రపంచమంతటా చాలా ఏళ్ళు రొమ్ము క్యాన్సర్‌కు అదే ప్రామాణిక చికిత్స.

ఇప్పుడు సంవత్సరాలు చూడండి. 1976లో మిలాన్ నుంచి ఫలితాలు వచ్చాయి. 1978లో భీమవరానికి గంట దూరంలో చిన్నమామ్మ ఛాతీకి జేగురు పూశారు. భీమవరంలో పుట్టిన ఒక మనిషి ఆలోచన ప్రపంచం చుట్టివచ్చి, ఆ ఆఖరి గంట ప్రయాణం చేయలేకపోయింది. చేసి ఉంటే బతికేదని నేను అనడం లేదు. చర్మం దాకా వచ్చిన వ్యాధి బహుశా లొంగేది కాదు. కానీ రెండేళ్ళ ముందు, అది ఒక గడ్డగా ఉన్నప్పుడు, ఆవిడ మా మామ్మతోనైనా ఒక మాట చెప్పి ఉంటే?

ఆ తరువాత ఈ చర్మం కోసమే ప్రత్యేకంగా వెదికిన మందులూ వచ్చాయి. జర్మనీలో 1980లలో తయారైన మిల్టెఫోసిన్‌ను రొమ్ము క్యాన్సర్ బొడిపెల మీద పూసే ద్రావకంగా వాడారు. అదే మందు కాలా అజార్ వ్యాధిపై నోటిద్వారా పనిచేస్తుందని తేలి, 2002లో మన దేశంలో ఆమోదం పొందింది. బీహారు పల్లెల్లో దాన్ని మింగినవారికి ఆ మందు పూర్వచరిత్ర తెలిసి ఉండదు. బొడిపెలకు విద్యుత్ స్పందనలు ఇచ్చి, ఆ క్షణంలో మందును కణాలలోకి చొప్పించే పద్ధతికి 2006లో ఐరోపాలో ప్రమాణాలు కుదిరాయి. వ్యాధి ఒంట్లో మిగిలి ఉన్నా, పుండును అదుపులో పెట్టి మనిషికి ఊరట ఇవ్వగలగడం ఈ చికిత్సల ప్రయోజనం.

వీటన్నిటికంటే నన్ను కలచివేసినది ఒక చిన్న సంగతి. ఆ పుండు వాసనకు కారణం గాలి తగలనిచోట పెరిగే బాక్టీరియా. మెట్రోనిడజోల్‌తో, మనం జిగట విరేచనాలకు వేసుకొనే ఆ చవక మందుతోనే, ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. పుండు మీద పూతగా కూడా వాడతారు. ఈ వాడకం 1980లలో వ్యాపించింది. చిన్నమామ్మ మంచం వసారాలోకి మారింది ఉక్క వల్ల కాదు. తన వాసన ఇంట్లోవాళ్ళకు తగలకూడదని తనంత తానే మారింది. ఆ సంగతి మా అమ్మ నాతో అన్నది ముప్ఫై ఏళ్ళ తరువాత.

వైద్యచరిత్ర పుస్తకాలలో వెల్పో ఉన్నాడు, పేజెట్లు ఉన్నారు, బీట్సన్ ఉన్నాడు. కొంగు తీసి చూపించిన ఆడవాళ్ళ పేర్లు చాలావరకు లేవు. వెల్పోకు ఆ పోలిక దొరికింది ఎవరో ఒకామె తన ఛాతీ చూపించబట్టి. పేజెట్‌కు ఆ సూత్రం దొరికింది పదిహేనుమంది చూపించబట్టి. సిగ్గును దాటి వచ్చిన వాళ్ళందరి వల్లా ఈ చరిత్ర ముందుకు నడిచింది. దాటలేని వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆవిడ అడిగిందల్లా ఒక వసారా, కాస్త గంధం.

ఇది చదివిన మిత్రులు ఒక్క పని చేస్తే చాలు. ఇంట్లో ఆడవాళ్ళతో ఈ మాట ఎత్తండి. గడ్డ, మానని గజ్జి, నారింజ తొక్కలా ఉబ్బిన చర్మం, కారణం లేని ఎరుపు, కొత్తగా లేచిన గట్టి బొడిపె, వీటిలో ఏది కనబడినా పూతలతో కాలం గడపకుండా వైద్యునికి చూపించాలని చెప్పండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే ఈ టపా చదివి వినిపించండి.